పసిబిడ్డకు డబ్బా పాలు: ఎలా కలపాలి, ఎంతసేపు ఉంచొచ్చు

సీలు వేసిన డబ్బాలో క్రిములేం ఉంటాయిలే అని చాలామంది అనుకుంటారు. ఉండొచ్చు. ఎంత శుభ్రంగా తయారుచేసినా పాలపొడి పూర్తిగా క్రిమిరహితం కాదు, క్రోనోబ్యాక్టర్, సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా అందులో చేరే అవకాశం ఉంది. క్రోనోబ్యాక్టర్ సోకడం అరుదే. కానీ రెండు నెలల లోపు పిల్లలకి, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకి సోకితే రక్తంలోకి, మెదడు పొరల్లోకి పాకి ప్రాణం మీదికి తెస్తుంది. కింద చెప్పేవన్నీ రెండే పనుల కోసం: ఉన్న క్రిముల్ని వేడితో చంపడం, మిగిలినవాటికి పెరిగే టైమ్ ఇవ్వకపోవడం.

ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి, పాలు కలిపే గట్టు కూడా తుడవండి. సీసా, నిపుల్, రింగు, మూత అన్నీ విడదీసి కడగాలి. నిపుల్ రింగులో కూర్చునే అంచు దగ్గర వేలితో రాసి చూడండి, జిడ్డుగా తగిలితే అక్కడ పాలు ఇంకా ఉన్నట్టే, పైనుంచి నీళ్లు పోస్తే అది పోదు, బ్రష్ పెట్టాల్సిందే. తర్వాత అన్నీ పూర్తిగా మునిగేలా, సీసాలో గాలి బుడగ మిగలకుండా గిన్నెలో వేసి, నీళ్లు మరగడం మొదలయ్యాక కనీసం 5 నిమిషాలు ఉంచండి. తీశాక గుడ్డతో తుడవకండి, వాటంతట అవే ఆరనివ్వండి.

ఇక నీళ్లు. అందరూ తడబడేది ఇక్కడే. మరిగించి పూర్తిగా చల్లార్చిన నీళ్లలో కలిపితే నీళ్లలోని క్రిములు పోతాయి గానీ పొడిలోవి చావవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పొడి కలిపేటప్పుడు నీళ్లు 70 డిగ్రీల సెల్సియస్‌కి తగ్గకూడదు. అంటే మరిగించి దించాక అరగంట దాటకముందే కలిపేయాలి, అదీ లీటరు దాకా మరిగిస్తేనే, ఒక్క కప్పు నీళ్లయితే ఇంకా తొందరగా చల్లారిపోతాయి. కొన్ని డబ్బాల మీద గోరువెచ్చని నీళ్లు అని రాసి ఉంటుంది, కొన్నింటిలో ప్రోబయోటిక్స్ అనే మేలుచేసే బ్యాక్టీరియా కలుపుతారు, అవి ఈ వేడికి చచ్చిపోతాయి. మీ డబ్బా అలాంటిదైతే పిల్లల డాక్టర్‌ని ఒక మాట అడగండి.

సీసాలో ముందు నీళ్లు, తర్వాతే పొడి. సీసాని చదునైన చోట నిలబెట్టి, గీత మీ కంటికి ఎదురుగా వచ్చేలా వంగి చూడండి, చేత్తో ఎత్తి పట్టుకుని చూస్తే కొలత తప్పుతుంది. స్కూప్ ఆ డబ్బాలోదే వాడాలి, ఎందుకంటే ఒక బ్రాండ్ కొలత ఇంకో దానికి సరిపోదు. పొడిని అదమకుండా నింపి, శుభ్రమైన, తడిలేని కత్తి వెనక వైపుతో పైన గీసి సమం చేయండి. అరగడానికి కాస్త పల్చగా కలపమనో, బలానికి ఇంకో స్కూప్ వేయమనో ఎవరు చెప్పినా దయచేసి వినకండి. నీళ్లు ఎక్కువైతే బిడ్డ రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ కూడా రావచ్చు, పొడి ఎక్కువైతే ఒంట్లో నీరు తగ్గుతుంది, మలబద్ధకం వస్తుంది.

ఆ పాలు అప్పుడే పట్టలేం, చాలా వేడిగా ఉంటాయి. మూత బిగించి కుళాయి కింద తిప్పండి, లేదా చల్లటి నీళ్ల గిన్నెలో పెట్టండి, ఆ నీళ్లు సీసా మూత దాకా రాకూడదు. మణికట్టు లోపలి వైపు రెండు చుక్కలు వేస్తే వేడి తగిలీ తగలనట్టు ఉండాలి. మైక్రోవేవ్ వద్దే వద్దు, సీసా చల్లగా ఉన్నా లోపల పాలు ఒకచోట సలసల కాగుతుంటాయి, బిడ్డ నోరు కాలుతుంది.

కలిపిన పాలు బయట రెండు గంటలు దాటితే పారబోయండి. బిడ్డ నోరు పెట్టిన సీసా అయితే గంటలో ముగించాలి, మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టినా పనికిరాదు, ఎందుకంటే ఎంగిలి కలిసిన పాలలో క్రిములు ఇట్టే పెరుగుతాయి. ఇంత ఖరీదైన పాలు పారబోయాలంటే ప్రాణం ఉసూరుమంటుంది, నిజమే. అందుకే మొదట్లో కొంచెం కొంచెమే కలపండి, చాలకపోతే మళ్లీ కలపొచ్చు.

ముందే కలిపి పెట్టుకోక తప్పకపోతే వెంటనే చల్లార్చి, 5 డిగ్రీలకి మించని ఫ్రిజ్‌లో, తలుపు అరలో కాకుండా లోపల వెనక వైపు పెట్టండి. 24 గంటల్లో వాడేయాలి, వేడి నీళ్ల గిన్నెలో పెట్టి వెచ్చబరచడం 15 నిమిషాలు మించకూడదు. రాత్రిళ్లకీ ప్రయాణాలకీ ఇంతకంటే మంచి దారి ఒకటుంది. అప్పుడే మరిగిన నీళ్లు మంచి ఫ్లాస్క్ నిండా పోసుకుని, కొలిచిన పొడిని ఆరిన చిన్న డబ్బాలో విడిగా ఉంచుకుని, బిడ్డ లేచాక కలపడమే.

డబ్బా తెరిచిన రోజే మూత మీద తేదీ రాయండి, నెలలోపు వాడేయాలి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చెమ్మ పడుతుంది. స్కూప్‌కి తడి తగలనివ్వకండి.

నెలలు నిండని బిడ్డ అయితే కలపాల్సిన పని లేకుండా ద్రవంగానే వచ్చే పాల గురించి డాక్టర్‌ని అడగండి, అవి సీలు తీసేదాకా క్రిమిరహితంగా ఉంటాయి. మూడు నెలల లోపు బిడ్డకి ఒళ్లు 38 డిగ్రీల సెల్సియస్‌కి చేరినా, పాలు పట్టకుండా మత్తుగా పడి ఉన్నా, తెల్లారేదాకా చూద్దాం అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.