ఆయమ్మ జీతం పెరగాలంటే ముందు ఒక నోటుబుక్కు కొనాలి

గుంటూరు జిల్లాలో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల హాస్టల్ ఒకదాంట్లో పద్నాలుగేళ్లు ఆయమ్మగా చేశాను. చేరినప్పుడు జీతం 4,500. ఎనిమిదేళ్లకి 7,000 అయింది. ఎప్పుడు అడిగినా మేనేజర్ గారిది ఒకటే మాట: "ఇది సేవ కదమ్మా, నువ్వు కన్నతల్లిలా చూసుకుంటావు." కన్నతల్లికి ఎవరూ జీతం ఇవ్వరు కాబట్టి ఆ పొగడ్త ఆయనకి బాగా కలిసొచ్చింది.

మొదటిసారి ఒళ్లు మండి ఒక్కదాన్నే వెళ్లి అడిగాను. జీతం పెరగలేదు గానీ నెలరోజులు నైట్ డ్యూటీ పడింది. ఆ తర్వాతే నోటుబుక్కు కొన్నాను. మీరూ అక్కడే మొదలుపెట్టండి.

వారం రోజులు గడియారం చూసి మరీ రాయండి. "పిల్లల్ని చూసుకున్నాను" అని రాస్తే దండగ. నా పేజీ ఇలా ఉండేది: ఉదయం 5కి ఐదుగురిని లేపి బాత్రూమ్‌కి తీసుకెళ్లడం, పక్క తడిపిన ఇద్దరి దుప్పట్లు మార్చడం. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ అదుపులో ఉండని స్థితి) ఉన్న 38 కిలోల బాబుని మంచం మీంచి వీల్‌చెయిర్‌లోకి, మళ్లీ మంచం మీదికి, మొత్తం 8 సార్లు. మింగడం కష్టమైన పాపకి ఇడ్లీ పాలల్లో మెత్తగా కలిపి తినిపించడానికి 40 నిమిషాలు, తొందరపడితే పొలమారుతుంది. ఒకడికి ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఎన్ని నిమిషాలు ఉందో డాక్టరు కోసం రాసిపెట్టడం. ఇదంతా రాసి చూసుకునేదాకా ఇది నేర్చుకుంటే గానీ రాని పని అని నాకే తెలియలేదు. పేజీలు ఎప్పటికప్పుడు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. నా మొదటి పుస్తకం స్టోర్‌రూమ్ సర్దినప్పుడు మాయమైంది.

తర్వాత లెక్క. రోజుకి 12 గంటలు, నెలకి 26 రోజులు, అంటే 312 గంటలు. 7,000ని 312తో భాగిస్తే గంటకి 22 రూపాయల చిల్లర. ఆ అంకె చూసి మాలో ఇద్దరు ఏడ్చారు. ఇంకోటి, మామూలు పనిగంటలు దాటి చేసిన పనికి రెట్టింపు రేటు ఇవ్వాలని చట్టమే చెబుతోంది. 12 గంటల డ్యూటీ అంటే ఆ మాట ఎవరూ ఎత్తరు.

లేబర్ ఆఫీసుకి వెళ్లి రెండు ప్రశ్నలు అడగండి: మా సంస్థకి ఏ కనీస వేతనం వర్తిస్తుంది, అందులో నా పని ఏ కేటగిరీ? కనీస వేతనంలో ధరల్ని బట్టి కలిపే కరువు భత్యం ఏటా ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది కాబట్టి పాత కాగితం పట్టుకుని వాదించకండి. 2025 నవంబర్ 21 నుంచి కొత్త వేతనాల కోడ్ (జీతాల చట్టం) అమల్లోకి వచ్చింది. పేస్లిప్ ఇవ్వాల్సిందే. కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చిన జీతం మీద దావా వేసే గడువు ఇదివరకు ఆరు నెలలు, ఇప్పుడు మూడేళ్లు.

ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా), పీఎఫ్ (భవిష్య నిధి) కూడా జీతమే. చేతికి రావు కాబట్టి మనం పట్టించుకోం. మామూలుగా పదిమంది ఉన్న చోట ఈఎస్ఐ, ఇరవైమంది ఉంటే పీఎఫ్. ఈఎస్ఐకి జీతంలో వందకి ముప్పావలా మనది, మూడుంపావు రూపాయలు వాళ్లది. పిల్లల్ని ఎత్తీ దించీ నడుం పోయే పనిలో ఆ కార్డు విలువ నాకు స్కానింగ్ బిల్లు కట్టాక తెలిసింది.

ఇక అడగడం. జనవరి, ఫిబ్రవరిలో అడగండి. ఏప్రిల్ దాటితే "బడ్జెట్ అయిపోయింది" అంటారు. గ్రాంటుతో నడిచే సంస్థ అయితే ఆయమ్మ పోస్టుకి లెక్కల్లో ఎంత చూపించారో అడగండి, అందులో తప్పేమీ లేదు. ఒంటరిగా వెళ్లకండి. మేం ఐదుగురం సంతకాలు పెట్టి, "పెంచండి సార్" అనకుండా 12,000 అని అంకె వేసి కాగితం ఇచ్చాం. అంతకుముందే తల్లిదండ్రుల మీటింగ్‌లో నా పేజీ చదివి వినిపించాను. 38 కిలోల బాబు వాళ్లమ్మ లేచి, "వాణ్ణి ఒక్కసారి ఎత్తడానికే నా ప్రాణం పోతుంది, అక్క రోజుకి ఎనిమిదిసార్లు ఎత్తుతోంది" అంది. నేను ఎంత మాట్లాడినా ఆ ఒక్క మాటకి సాటి రాదు. 10,500 ఇచ్చారు, ఈఎస్ఐ కట్టారు. 12,000 మాత్రం రాలేదు.

ఇళ్లలో ఏజెన్సీ ద్వారా కేర్‌టేకర్లుగా చేసేవాళ్లు ముందు ఆ కుటుంబం ఏజెన్సీకి ఎంత కడుతోందో కనుక్కోండి. మా పిన్ని కూతురు హైదరాబాద్‌లో ఇలాగే అడిగితే, వాళ్లు కట్టేది 24,000, ఈమె చేతికొచ్చేది 15,000. అయితే చాలా ఇళ్లలో నిజంగానే డబ్బుండదు. వాళ్లతో పోట్లాడి లాభం లేదు. ఆంధ్రాలో పక్షవాతం లాంటి కారణాలతో పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 2024 నుంచి నెలకి 15,000 పింఛను ఉంది. వాళ్లకి వస్తోందో లేదో అడగండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఎక్కువ సాయం అవసరమైనవారికి సంరక్షకుల భత్యం అనే మాట కూడా ఉంది. దాని కోసం అర్జీ పెట్టేటప్పుడు ఆ కుటుంబం సంతకం పక్కన మీ సంతకం కూడా ఉండనివ్వండి.

ఏ ఆఫీసుకి వెళ్లినా అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో స్టాంపు వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.