భయంలో దాక్కున్న తేదీ: ఊరి గ్రంథాలయంలో సరిహద్దుల పాఠం నడిపే పద్ధతి

వరి నాట్లప్పుడు కోనసీమలోనో భీమవరం చుట్టుపక్కలో ఒక బెంగాలీ ముఠా దిగుతుంది. నాలుగు రోజులు తిరక్కుండానే ఊరి వాట్సాప్ గ్రూపులో "వీళ్లు బంగ్లాదేశ్ వాళ్లంట, పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోండి" అని ఒక మెసేజ్ వచ్చి పడుతుంది. దానికింద "ఇది ఫేక్" అని రాస్తే రెండో రోజుకి ఇంకో రూపంలో వస్తుంది. కారణం తేలికే. ఆ భయం మెసేజ్‌తో పుట్టింది కాదు. ఎప్పుడో ఒకరు గీత గీశారు, ఇంకెప్పుడో మరొకరు తేదీ పెట్టారు, ఆ తేదీకి ముందున్నవాడు మనవాడు, తర్వాతొచ్చినవాడు పరాయివాడు అన్నారు. ఆ గీతనీ తేదీనీ బయటికి లాగి గోడమీద పెట్టగలిగితే, మాట్లాడుకోడానికి ఒక వస్తువంటూ దొరుకుతుంది.

శాఖా గ్రంథాలయంలోగానీ హైస్కూలు వరండాలోగానీ ఈ పాఠం నడపొచ్చు. పన్నెండు నుంచి ఇరవై మంది, రెండున్నర గంటలు. ఇరవై దాటితే వెనక వరస వాళ్లు సొంత సభ పెట్టేస్తారు. అరవై దాటినవాళ్లు కనీసం నలుగురైనా ఉండేలా చూసుకోండి. పనంతా వాళ్లతోనే ఉంది.

సరంజామా

నాలుగు చార్టులు కలిపి అంటించిన ఒక పెద్ద పటం, మూడు రంగుల దారం, గుండుసూదులు, చేతి వెడల్పున కత్తిరించిన తెల్ల చీటీలు నలభై, పెన్సిళ్లు. పటం విషయంలో ఒక్క జాగ్రత్త. బడిలో వేలాడే భారతదేశ పటం తేకండి. అందులో బంగాళాఖాతం ఓ మూలన ఉంటుంది, రంగూన్ ఖాళీ జాగాలా కనిపిస్తుంది. బంగాళాఖాతాన్ని సరిగ్గా మధ్యలో పెట్టి మీరే గీయండి: ఎడమ ఒడ్డున ధవళేశ్వరం, కోరంగి, కాకినాడ, యానాం, విశాఖ, పైన కలకత్తా, ఢాకా, సిల్హెట్, అస్సాం, కుడి ఒడ్డున అరకాన్, రంగూన్. కాకినాడ, రంగూన్ రెండూ పదిహేడు డిగ్రీల అక్షాంశానికి కాస్త కిందగా, దాదాపు ఎదురెదురుగా ఉంటాయి. రెండింటి మధ్యా దారం కడితే అడ్డంగా, తిన్నగా వస్తుంది. ఆ దారం చూశాక రంగూన్ దూరదేశం అనిపించదు.

మొదలు లంకతో

దేశంతో మొదలెడితే పది నిమిషాల్లో పార్టీల గొడవవుతుంది. మతంతో మొదలెడితే అయిదు నిమిషాలు చాలు. అందుకని గోదారి లంకతో మొదలెట్టండి. పెద్దవాళ్లని ఒకటే ప్రశ్న అడగండి: "మీ చిన్నప్పుడు లంక హద్దు ఎక్కడుండేదండి?" 1986 ఆగస్టు వరద చూసినవాళ్లుంటే ఇక మీరు నోరు విప్పక్కర్లేదు. ఏటి కోతకి ఒకరి చేను పోయింది, అవతలి ఒడ్డున మేట పడి ఇంకొకరికి చేను లేచింది. "గట్టు ఏట్లో కలిసిపోయిందండి, పట్టా మాత్రం బీరువాలో భద్రంగా ఉందండి" అనే మాట ఏదో ఒక మూల నుంచి వచ్చి తీరుతుంది. దాన్ని పటం పైన పెద్దక్షరాలతో రాయండి. మనుషులు ఉన్నచోటే ఉండగా హద్దు జరిగిపోవడమంటే ఏమిటో డెల్టాలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇరవై నిమిషాలకి మించనివ్వకండి, లేదంటే సర్వే తగాదాల్లోకి వెళ్లిపోతుంది.

తర్వాత చీటీలు పంచండి. కొత్తగా వచ్చినవాళ్ల గురించి తమకున్న భయాన్ని ఎవరికివారు ఒక్క వాక్యంలో రాయాలి. పేరు రాయకూడదు. చీటీలన్నీ కలిపి, ఒక్కోటీ తీసి నాలుగు ప్రశ్నలు వెయ్యండి: ఈ భయం వెనక ఉన్నది ఏ గీత? ఏ తేదీ? ఎవరి కూలి? ఏ కాగితం? చాలా చీటీలు మూడో ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. "వీళ్లొచ్చి రేటు పాడు చేశారు" అన్నది కూలి గొడవే, సరిహద్దుతో దానికి సంబంధం లేదు. దాన్ని పక్కన పెట్టండి గానీ పారెయ్యకండి. ఆ మనిషి బాధ నిజమే, కాకపోతే దాని జవాబు పటంలో దొరకదు.

ఎర్రదారం: కోరంగి నుంచి రంగూన్

దీనికి ముప్పావుగంట ఇవ్వండి. తొందరపడితే మిగతాది నిలబడదు.

కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. 1839 నవంబరు తుపాను దాన్ని ఊడ్చేసింది, తర్వాత వ్యాపారం కాకినాడకి మళ్లింది. రేవు పోయినా పేరు సముద్రం దాటింది. బర్మాలో తెలుగు కూలీలందరినీ, శ్రీకాకుళం వాడైనా సరే, కోరంగీలనే పిలిచేవారు. 1826, 1852, 1885 యుద్ధాలతో ఇంగ్లీషువాళ్లు బర్మాని ముక్కలు ముక్కలుగా కలుపుకుని భారతదేశంలో ఒక రాష్ట్రంగా పెట్టారు. అంటే కాకినాడలో స్టీమరెక్కి రంగూన్లో దిగడమంటే దేశం దాటడం కాదు. పాస్‌పోర్టు లేదు. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి ముఠా కట్టి తీసుకెళ్లేవాడు. ధాన్యం మిల్లుల్లో, ఓడరేవులో పని. మేస్త్రీ, ముఠా, అడ్వాన్సు: ఈ మూడు మాటలూ బోర్డు మీద రాసి, ఇవాళ నాట్లకొచ్చే బెంగాలీ కూలీలని ఎవరు తెచ్చారో, ఎలా తెచ్చారో అడగండి. మాటలు మారవు.

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు వాళ్ల చోట బర్మావాళ్లని పెట్టారు. సమ్మె తేలగానే పాతవాళ్లని వెనక్కి పిలిచి బర్మావాళ్లని పొమ్మన్నారు. ఆ వెంటనే రేవులో మొదలైన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది మన తెలుగువాళ్లే. ఇక్కడ ఆపి అడగండి: బర్మా కూలీ కోపం ఎవరిమీదికి వెళ్లాల్సింది, ఎవరిమీదికి వెళ్లింది? జవాబు మీరు చెప్పకండి.

1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుంచి విడిపోయింది. ముందురోజు దాకా స్వదేశంలో ఉన్న కోరంగీ తెల్లారేసరికి విదేశీయుడయ్యాడు. మంచం మీంచి లేవకుండానే. 1942లో జపాన్ సైన్యం వస్తుంటే లక్షలమంది అరకాన్ మీదుగా, మణిపూర్ మీదుగా నడిచొచ్చారు, దారిలో వేలమంది పోయారు. మిగిలినవాళ్ల దుకాణాలని 1964లో సైనిక ప్రభుత్వం జాతీయం చేసింది, మళ్లీ ఓడలు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు అలా మిగిలింది. ఇక 1982 పౌరసత్వ చట్టం పెట్టిన తేదీ చూడండి: 1823కి ముందు నుంచీ అక్కడున్న జాతులకే పుట్టుకతో పూర్తి పౌరసత్వం. ఎందుకు 1823? మొదటి ఇంగ్లీషు యుద్ధం మొదలైంది 1824లో. ఇంగ్లీషు జెండా వెనక వచ్చినవాడెవడూ మనవాడు కాదని చెప్పడానికే ఆ తేదీ. చీటీ మీద 1823 అని రాసి రంగూన్ మీద గుచ్చండి.

తెల్లదారం: అస్సాం, ఆపైన మీ బీరువా

1826లో బర్మా రాజు ఓడిపోయాక కుదిరిన యాండబో ఒప్పందంతోనే అస్సాం కూడా ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. 1874లో బెంగాలీ మాట్లాడే సిల్హెట్‌ని అస్సాంలో కలిపారు. 1947లో రిఫరెండం పెట్టి అందులో చాలాభాగాన్ని తూర్పు పాకిస్తాన్‌కి ఇచ్చారు. బెంగాల్ విభజన గీత గీసిన ఇంగ్లీషు లాయరు రాడ్‌క్లిఫ్‌కి దొరికిన వ్యవధి అయిదారు వారాలు. ఆ గీత ప్రజలకి తెలిసింది ఆగస్టు 17న, స్వాతంత్ర్యం వచ్చిన రెండు రోజులకి. అస్సామీలకి తమ భాషా భూమీ చేజారతాయన్న బెంగ ఆ కలపడాల్లోంచీ విడదీయడాల్లోంచీ పెరిగింది. దాన్ని వెర్రి అని కొట్టిపారేస్తే పాఠం అక్కడితో చెడుతుంది. 1985 అస్సాం ఒప్పందంతో 1971 మార్చి 24 అనే తేదీ ఖాయమైంది: ఆ తర్వాత వచ్చినవాళ్లు విదేశీయులు. 2019లో అక్కడ తీసిన పౌరుల జాబితాలో (ఎన్నార్సీ) పేరు లేనివాళ్లు 19 లక్షల పైచిలుకు.

ఇప్పుడు ఆ తేదీని ఇక్కడికి తెచ్చి చూడండి. అందరికీ ఒకటే పని: "1971 మార్చి 24కి ముందు మీ తాతగారు ఈ దేశంలోనే ఉన్నారని చూపే కాగితం ఒకటి, మీరు ఆయన మనవడో మనవరాలో అని చూపే కాగితం ఇంకొకటి. ఇంట్లో ఏమున్నాయో గుర్తు చేసుకోండి." పదిహేను నిమిషాలు. చిక్కులు వరసగా బయటపడతాయి. జనన మరణాల నమోదు చట్టమే 1969లో వచ్చింది, కాబట్టి అరవై దాటిన చాలామందికి జనన పత్రం ఉండదు. ఇంటిపేరు ఇంగ్లీషులో ఒక కాగితంలో ఒకలా, ఇంకోదాంట్లో ఒకలా ఉంటుంది. అత్తారింటికొచ్చిన ఆడవాళ్ల గతి మరీ కష్టం: పుట్టింటి పేరు పదోతరగతి సర్టిఫికెట్లో, అత్తింటి పేరు రేషన్ కార్డులో, చదువుకోని ఆమెకైతే ఆ మొదటిదీ ఉండదు. 1986 వరదలోనో 1996 నవంబరు తుపానులోనో ట్రంకుపెట్టె తడిసిపోయినవాళ్లు సరేసరి. అస్సాంలో పేరు పోయినవాళ్లలో పెళ్లైన ఆడవాళ్లు ఎందుకంతమందో అప్పుడు అర్థమవుతుంది.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. ఎవరో ఉత్సాహంగా అసలు కాగితాలే పట్టుకొస్తారు. తీసుకోవద్దు, ఫొటో తియ్యొద్దు. ఆధార్ చూపిస్తే అది పౌరసత్వానికి రుజువు కాదని చెప్పండి, ఆధార్ చట్టంలోనే ఆ సంగతి ఉంది. ఇంకొకరు "అయితే ఆ కూలీల కాగితాలు మనమే చూస్తే పోలా" అంటారు. చూసే హక్కు ఊరివాళ్లకి లేదు. నిజంగా అనుమానముంటే పోలీస్ స్టేషన్లో చెప్పాలి, అంతే. బెంగాలీ మాట్లాడినంత మాత్రాన బంగ్లాదేశ్ కాదన్నది కూడా పటం మీదే చూపండి: పశ్చిమ బెంగాల్, త్రిపుర, అస్సాంలో బరాక్ లోయ, ఇంకా మనకి చింతూరు అవతలే ఉన్న మల్కన్‌గిరి. 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద తూర్పు పాకిస్తాన్ కాందిశీకులకి ప్రభుత్వమే అక్కడ భూములిచ్చి కాపురాలు పెట్టించింది.

మూడోదారం, క్లుప్తంగా

హైదరాబాద్ ముల్కీ నిబంధన (సర్కారు ఉద్యోగాలు స్థానికులకే): 1919, పదిహేనేళ్ల నివాసం. 1952, 1969, 1972 ఆందోళనలు, 2014 జూన్ 2. డెల్టా నుంచి వెళ్లినవాళ్లని అక్కడ ఏమని పిలిచారో, ఎందుకు పిలిచారో గదిలో అందరికీ తెలుసు. తేదీలు గుచ్చి ముందుకెళ్లండి. ఎవరిది న్యాయమన్న వాదన మొదలైతే ఆ పూటకి పాఠం అయిపోయినట్టే.

భయం అంటని గీత

వీటన్నిటికీ ఎదురుగా యానాం పెట్టండి. అదీ పరాయి కంపెనీలు గీసిన గీతే. 1930లో బాల్యవివాహాలని ఆపే శారదా చట్టం అమల్లోకొచ్చాక, అది చెల్లని ఫ్రెంచి యానాంకి చిన్నపిల్లల పెళ్లిళ్ల కోసం గీత దాటి వెళ్లేవారు, కల్యాణపురం అనే పేరొచ్చింది. 1954 నవంబరు 1న పాలన చేతులు మారింది, చట్టప్రకారం బదిలీ 1962 ఆగస్టు 16న. ఇప్పటికీ అది పుదుచ్చేరిలో భాగమే, బండి నంబరు పీవై 04 అని ఉంటుంది. అయినా యానాం వాడు తాళ్లరేవులో కనిపిస్తే ఎవరూ ఉలిక్కిపడరు. ఎందుకంటారో వాళ్లచేతే చెప్పించండి. భాష ఒకటే, రెండువైపులా చుట్టాలే, మునుపు ఎవరు ఎటున్నారని తేదీ పెట్టి ఊళ్లో ఎవరూ లెక్క తియ్యరు. ఈ మూడో కారణం తమంతట తాము పట్టుకుంటే పాఠం పండినట్టే. యానాం దగ్గర్లో ఉంటే ఓ ఆదివారం వంతెన మీద అరగంట నిలబడి బండ్లు లెక్కపెట్టించండి.

అంకెలతో వచ్చే తంటా ఒకటి చెప్పాలి. ఎవరో ఒకరు ఫోన్లో "మన జిల్లాలో వలసదారులు ఇన్ని లక్షలు" అని చూపిస్తారు. జనగణన లెక్కలో పుట్టిన ఊరో, ఇంతకుముందున్న ఊరో వేరైతే వలసే. అమలాపురం నుంచి రాజోలు కోడలిగా వెళ్లిన అమ్మాయీ అందులోనే ఉంటుంది. దేశంలో ఆడవాళ్ల వలసకి మొదటి కారణం పెళ్లే. పట్టికలో జిల్లాలోపల, రాష్ట్రంలోపల, వేరే రాష్ట్రం, వేరే దేశం అని గడులు వేరుగా ఉంటాయి. ఆఖరి రెండు గడులే చూడాలి, పక్కనే సంవత్సరం కూడా.

"అయితే సరిహద్దులే వద్దంటారా మాస్టారూ?" అని తప్పకుండా అడుగుతారు. అలా అనట్లేదని సూటిగా చెప్పండి. బంగ్లాదేశ్‌తో మనకున్న సరిహద్దు 4,096 కిలోమీటర్లు, దొంగతనంగా దాటేవాళ్లూ ఉన్నారు, దానికి చట్టం ఉంది. ఫలానా మనిషి దాటాడా లేదా అన్నది విచారణలో తేలే సంగతి. ఫలానా భాషవాళ్లంతా అలాంటివాళ్లే అన్న మాటకి మాత్రం తేదీ ఏదో, గీత ఏదో అడగాల్సిందే.

చివర్లో ఎవరి చీటీ వాళ్లు తీసుకుని, రాసిన వాక్యం మార్చాలనిపిస్తే మార్చొచ్చు. మార్చమని అడగకండి. దారాలు విప్పకుండానే పటాన్ని గొట్టంలా చుట్టి, చెదపట్టకుండా రెండు కలరా ఉండలు వేసి బీరువా మీద పెట్టండి. సార్వాకి వాడింది దాళ్వా నాట్లకి మళ్లీ కావాలి.