రోల్స్ రాయిస్ కథల్లో నిజమెంతో ఎలా తేల్చుకోవాలి?

మామూలు బట్టల్లో లండన్‌లోని రోల్స్ రాయిస్ కార్ల షోరూమ్‌కు వెళ్లిన ఒక భారతీయ మహారాజును అక్కడి గుమస్తా చిన్నచూపు చూశాడట. మహారాజు బసకు తిరిగి వచ్చి, రాజలాంఛనాలతో మళ్లీ వెళ్లి, ఉన్న కార్లన్నీ కొని, స్వదేశానికి తెచ్చి చెత్త ఎత్తడానికి పెట్టించాడట. కంపెనీ పరువు పోయి, క్షమాపణ కోరుతూ తంతి పంపిందట.

ఈ కథ నేను మొదట విన్నది బడిలో, మాస్టారి నోట. అప్పుడు కథానాయకుడు నిజాం నవాబు. కాలేజీ రోజుల్లో ఆళ్వార్ రాజు జైసింగ్ అన్నారు. ఇప్పుడు ఫోనుకు వచ్చే సందేశాల్లో ఒకసారి పటియాలా, మరోసారి భరత్‌పూర్ పేరు ఉంటోంది. అవమానానికి బదులు చెప్పిన మనవాడి కథ కాబట్టి ప్రతిసారీ గుండె ఉప్పొంగుతుంది. ఆ ఉప్పొంగడం నాకూ తెలుసు. అయితే ఈ కార్లకు హైదరాబాదుతో అసలైన బంధం ఒకటుంది. కట్టుకథ దాన్ని కప్పేస్తోందన్నదే నా బాధ. పైగా తయారైన కార్ల వివరాలు ఇంత జాగ్రత్తగా మిగిలిన కంపెనీలు ప్రపంచంలో బహు తక్కువ. ఓపికగా ఒక సాయంత్రం కూర్చుంటే ఎవరైనా నిజం తేల్చుకోవచ్చు. నేను పాటించే పద్ధతి ఇది.

1. కథను విడదీసి కాగితం మీద పెట్టండి

ఎవరు, ఏ సంవత్సరం, ఏ ఊరు, ఎన్ని కార్లు, ఏ మోడల్, ఆ కార్లు ఇప్పుడు ఎక్కడున్నాయి? ఒక్కో ప్రశ్నకు ఒక్కో గీత గీసి జవాబు రాయండి. చెత్తబండి కథకు ఈ పని చేస్తే పేరు ఒక్కటే నిండుతుంది, అదీ చెప్పేవారిని బట్టి మారుతుంది. సంవత్సరం దగ్గర ఖాళీ, మోడల్ దగ్గర ఖాళీ. నాయకుడు మారుతూ సన్నివేశం మాత్రం మారకపోతే, అది చరిత్రలోంచి కాక నోటి నుంచి నోటికి వచ్చిందని అనుమానించాలి.

2. కంపెనీ కాలక్రమం దగ్గర పెట్టుకోండి

తేదీలు చేతిలో ఉంటే సగం కథలు వాటంతట అవే రాలిపోతాయి.

హెన్రీ రాయిస్ 1863లో పుట్టాడు. తండ్రి పిండిమర నడిపేవాడు. తొమ్మిదేళ్లకే తండ్రి పోతే ఈ పిల్లవాడు పత్రికలు అమ్మాడు, తంతి సందేశాలు చేరవేశాడు, రైల్వే వర్క్‌షాపులో పని నేర్చుకున్నాడు. 1884లో మాంచెస్టర్‌లోని కుక్ స్ట్రీట్‌లో కరెంటు సామాను తయారీ మొదలుపెట్టాడు. డైనమోలు, క్రేన్లు చేసేవాడు. తరువాత ఫ్రాన్స్‌లో తయారైన ఒక పాత కారు కొన్నాడు. దాని పనితనం నచ్చక తనే ఒకటి చేయడానికి పూనుకున్నాడు. 1904 ఏప్రిల్ 1న ఆ మొదటి కారు రోడ్డెక్కింది.

చార్లెస్ రోల్స్ ఇందుకు పూర్తిగా వేరు. ప్రభువుల బిడ్డ, కేంబ్రిడ్జ్‌లో చదివినవాడు, లండన్‌లో కార్లు అమ్మేవాడు. ఇద్దరూ 1904 మే 4న మాంచెస్టర్‌లోని మిడ్‌లాండ్ హోటల్లో కలిశారు. రాయిస్ చేసే కార్లన్నీ రోల్స్ అమ్మాలని ఒప్పందం కుదిరింది. 1906 మార్చిలో రోల్స్ రాయిస్ లిమిటెడ్ రిజిస్టరయింది. నాలుగేళ్లు దాటిన కొన్ని నెలలకే, 1910 జూలై 12న, బోర్న్‌మత్‌లో విమానం కూలి రోల్స్ చనిపోయాడు. అప్పటికి వయసు 32. అంటే బానెట్ మీది రెండు పేర్లలో మొదటిది ఆ కంపెనీలో నిలిచిన కాలం చాలా చిన్నది. 1910 తరువాతి సంఘటనలో రోల్స్ మాట్లాడినట్టు ఎవరైనా రాస్తే అక్కడే చదవడం ఆపేయవచ్చు.

తరువాతి మలుపులు చాలామందికి తెలియవు. విమాన ఇంజన్ల వ్యాపారం ఈ కంపెనీకి మొదటి ప్రపంచ యుద్ధం నుంచే ఉంది. ఆర్‌బీ211 అనే ఇంజన్ మీద పెట్టిన ఖర్చు మోయలేక 1971 ఫిబ్రవరి 4న కంపెనీ దివాలా తీసింది. బ్రిటిష్ ప్రభుత్వం ఇంజన్ల వ్యాపారాన్ని తీసుకుంది, 1973లో కార్ల విభాగం విడిపోయింది. మీరు ఎక్కిన విమానం ఇంజన్ మీద కనిపించే రోల్స్ రాయిస్ వేరు, కార్ల రోల్స్ రాయిస్ వేరు. ఈ ఒక్క తేడా తెలియక రాసిన వార్తలు నేను ఎన్నో చూశాను.

1998లో జరిగినది ఇంకా విచిత్రం. కార్ల కంపెనీని వికర్స్ సంస్థ 43 కోట్ల పౌండ్లకు ఫోక్స్‌వ్యాగన్‌కు అమ్మింది. క్రూ పట్టణంలోని ఫ్యాక్టరీ, బానెట్ మీది బొమ్మ, రేడియేటర్ ఆకారం మీది హక్కు వచ్చాయి. పేరు మాత్రం రాలేదు! అది విమాన ఇంజన్ల కంపెనీ చేతిలో ఉంది. ఆ కంపెనీ పేరు వాడుకునే హక్కును 4 కోట్ల పౌండ్లకు బీఎండబ్ల్యూకు ఇచ్చింది. ఇల్లు ఒకరిది, ఇంటిపేరు మరొకరిది అయింది. చివరకు రాజీ కుదిరి, 2002 ముగిసేదాకా పాత చోటే తయారీ సాగింది. 2003 జనవరి 1 నుంచి ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్‌లో బీఎండబ్ల్యూ కట్టిన కొత్త ఫ్యాక్టరీలో రోల్స్ రాయిస్ మొదలైంది. క్రూ ఫ్యాక్టరీ ఫోక్స్‌వ్యాగన్ చేతిలో బెంట్లీ కార్ల తయారీకి మిగిలింది. కాబట్టి ‘వందేళ్లుగా అదే చేతులు చేస్తున్న కారు’ అని ఎవరైనా రాస్తే, ఏ చేతులని అడగండి.

3. ఫొటో వస్తే ముందు కారు ముక్కు చూడండి

రోల్స్ రాయిస్ రేడియేటర్ గ్రీకు గుడి ముఖద్వారంలా ఉంటుంది. నిలువు స్తంభాలు, పైన త్రికోణపు కప్పు, పదునైన అంచులు. ఆ నిలువు రేఖలు కంటికి తిన్నగా కనిపించాలని, గ్రీకు స్తంభాలకు చేసినట్టే, వాటిని లేశమాత్రం ఉబ్బుగా చేసేవారు.

పైన రెక్కలు చాచినట్టు ముందుకు వంగిన స్త్రీ బొమ్మను చెక్కినది చార్లెస్ సైక్స్ అనే శిల్పి. అది 1911లో వచ్చింది. అంతకుముందు అమ్మిన కార్లకు కంపెనీ ఈ బొమ్మ ఇవ్వలేదు. తరువాత యజమానులు తగిలించుకున్నవి ఉంటాయి కాబట్టి బొమ్మ ఒక్కటే చూసి సంవత్సరం చెప్పకండి.

రేడియేటర్ మీది గుర్తులోని రెండు ఆర్ అక్షరాలు మొదట ఎరుపు, తరువాత నలుపు. 1933లో రాయిస్ మరణించినందుకు సంతాపంగా నలుపు చేశారని అంటారు. వినడానికి బాగుంటుంది గానీ ఆ మార్పును రాయిస్ బతికుండగానే నిర్ణయించారు. కొనేవారు ఎంచుకునే రంగులతో ఎరుపు నప్పడం లేదన్నది కారణం.

చెత్తబండి కథతో పాటు ఒక ఫొటో తిరుగుతుంది కదా, ముందు భాగానికి చీపుళ్లు కట్టిన కారు. దాని రేడియేటర్‌ను పైన చెప్పిన ఆకారంతో పోల్చి చూడండి, పోలికే ఉండదు. చీపుళ్లు ఎక్కడున్నాయో కూడా చూడండి. సరిగ్గా ముందు చక్రాలకు ఎదురుగా ఉంటాయి. చెత్త ఊడ్చడానికైతే రోడ్డంత వెడల్పున కట్టాలి. టైరు వెళ్లే దారిలోని మేకులను పక్కకు తోసేందుకు కట్టినట్టు కనిపిస్తుంది.

4. చాసిస్ నంబరు అడగండి

మొత్తం పనిలో నాకు ఎంతో ఇష్టమైన భాగం ఇదే.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టడం చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. చాసిస్ ఒకచోట కొంటాం, దాని మీద బాడీ మరొకచోట కట్టిస్తాం. రెండో ప్రపంచ యుద్ధం దాకా రోల్స్ రాయిస్ కూడా అంతే. కంపెనీ ఇచ్చేది ఇంజను, చక్రాలు, రేడియేటర్ ఉన్న చాసిస్ మాత్రమే. బాడీని బార్కర్, హూపర్ వంటి సంస్థల చేత ఎవరి అభిరుచికి తగ్గట్టు వారు కట్టించుకునేవారు. కంపెనీ తనే బాడీతో సహా అమ్మిన మొదటి రోల్స్ రాయిస్ 1949 నాటి సిల్వర్ డాన్. బాడీ కట్టిన కార్లు అమ్మకానికి దొరికేవి గానీ, పాత రోజుల్లో షోరూమ్‌లో ఉన్న కార్లన్నీ ఒక్కసారిగా తోలుకుపోయారంటే, అది ఆనాటి కొనుగోలు పద్ధతి కాదని గుర్తుంచుకోండి.

ప్రతి చాసిస్‌కు ఒక నంబరు. ఆ నంబరుకు ఎవరు కొన్నారు, బాడీ ఎవరు కట్టారు అన్న వివరాలతో కార్డు. ఇంగ్లండ్‌లో నార్తాంప్టన్‌షైర్‌లోని పాలర్స్‌పరీ గ్రామంలో ఉన్న హంట్ హౌస్‌లో, రోల్స్ రాయిస్ అభిమానుల క్లబ్బు ఈ పాత కార్డులను భద్రపరిచింది. కథ చెప్పేవారు నంబరు ఇవ్వగలిగితే అది కారు. ఇవ్వలేకపోతే అది ఇంకా కథే.

5. పేరు దేనివల్ల వచ్చిందో చూడండి

‘ప్రపంచంలోకెల్లా ఉత్తమమైన కారు’ అన్న మాటను కంపెనీ తన ప్రకటనల్లో వాడుకుంది. 1958లో ప్రకటనల రచయిత డేవిడ్ ఓగిల్వీ రాసిన ప్రకటన మరీ ప్రసిద్ధం: గంటకు 60 మైళ్ల వేగంలో ఈ కారులో వినిపించే పెద్ద శబ్దం గడియారానిదేనని దాని సారాంశం. ప్రకటన ప్రకటనే, సాక్ష్యం సాక్ష్యమే. రెండింటినీ వేర్వేరు కాగితాల మీద రాసుకోండి.

సాక్ష్యం కావాలంటే 1907కు వెళ్లాలి. 60551 నంబరు చాసిస్ మీద కట్టిన కారుకు వెండి రంగు వేసి ‘సిల్వర్ ఘోస్ట్’ అని పేరు పెట్టారు. లండన్, గ్లాస్గోల మధ్య, ఆదివారాలు మినహా, రాత్రింబగళ్లు నడిపారు. పక్కన రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పరిశీలకులు కూర్చుని ప్రతి ఆగుడూ నమోదు చేశారు. 629 మైళ్ల దగ్గర కారు ఆగింది. అదురుకు పెట్రోలు కుళాయి దానంతట అదే మూసుకుపోయింది. దాన్ని తిప్పడానికి ఒక నిమిషం పట్టింది. అక్కడి నుంచి 14,371 మైళ్లు, అంటే 23 వేల కిలోమీటర్లకు పైగా, అనుకోని ఆగుడు లేకుండా నడిచింది. ఆనాటి రోడ్ల మీద, ఆనాటి టైర్లతో! నన్ను కదిలించేది ఆ 629వ మైలు. ఒక నిమిషం తప్పును కూడా దాచకుండా రాసుకున్నారు కాబట్టే తరువాతి అంకెను నమ్మగలుగుతున్నాం.

‘ఈ కారు చెడిపోదు’ అన్న ప్రచారాన్నీ ఇలాగే పరీక్షించండి. యజమానుల డ్రైవర్లకు శిక్షణ ఇవ్వడానికి కంపెనీ ప్రత్యేకంగా పాఠశాల నడిపింది. చెడిపోని బండికి ఆ శిక్షణ ఎందుకు? మంచి యంత్రాన్ని మంచి చేతులు కనిపెట్టుకుని ఉండటంలోనే ఆ పేరు నిలిచింది. మొదటి నుంచీ బ్రిటిష్ రాజుల కారు ఇదేనన్న మాటా అంతే. రాజకుటుంబం దశాబ్దాల పాటు డైమ్లర్ కార్లు వాడింది. యువరాణి ఎలిజబెత్ కోసం రోల్స్ రాయిస్ వారి మొదటి ఫాంటమ్ 4 చేరింది 1950లో. ఆ మోడల్ మొత్తం 18 మాత్రమే చేశారు.

6. ఇప్పుడు మహారాజు కథకు తిరిగి రండి

కథలో నాయకుడు నిజాం అయితే, ముందు ఏ నిజాం అని అడగండి. సాదాసీదా దుస్తులు అనగానే అందరికీ గుర్తొచ్చేది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. ఆయన కొడుకులిద్దరి పెళ్లిళ్లు 1931 నవంబరులో ఫ్రాన్స్‌లోని నీస్‌లో జరిగాయి. కొడుకుల పెళ్లికి కూడా ఆయన యూరప్ వెళ్లలేదు. లండన్ షోరూమ్‌లో నిలబెట్టే కథ పక్కన ఈ ఒక్క వాస్తవం పెట్టి చూడండి.

ఆళ్వార్ జైసింగ్ లండన్ వెళ్లిన మాట నిజమే. కానీ ఆయన కార్లలో అందరూ చెప్పుకునేది 1924లో రాచబండి ఆకారంలో చేయించుకున్న లాంచెస్టర్ అనే వేరే కంపెనీ కారు. రోల్స్ రాయిస్ కార్లతో చెత్త ఎత్తించిన సంగతికి చాసిస్ నంబరుతో కూడిన ఆధారం నేను ఎక్కడా చూడలేదు, కంపెనీ పంపిందంటున్న తంతి ప్రతిని ఎవరూ చూపలేదు. అందుకే నేను దాన్ని చరిత్రగా ఎవరికీ పంపను.

7. చూడగలిగితే అసలు కారును చూడండి

హైదరాబాదులో ఉన్నవారికి ఇది సులభం. చార్మినార్ దగ్గరి చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లండి. శుక్రవారం సెలవు, మరో రోజు పెట్టుకోండి. అక్కడి పాత కార్లలో పసుపు రంగు సిల్వర్ ఘోస్ట్ ఒకటుంది. 1911లో దాన్ని కోరి ఆర్డరు చేసింది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. అదే ఏడాది ఆగస్టు 29న ఆయన కన్నుమూశారు. లండన్‌లో బార్కర్ సంస్థ బాడీ కట్టిన ఆ కారు కొడుకు ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడిలో ఊరు చేరింది. కోరుకున్న మనిషి దాన్ని చూడలేదు.

దగ్గరగా నిలబడి ముందు రేడియేటర్ అంచులు చూడండి. తరువాత పక్కకు నడిచి వెనుక సీటు ఎత్తు గమనించండి. మిగతా సీట్ల కంటే పైకి, సింహాసనంలా ఉంటుంది. ఊరేగింపులో ప్రజలకు నవాబు కనిపించాలి కదా! ఏనుగు అంబారీ మీద కూర్చునే అలవాటును మోటారు కారులోకి దింపిన పనితనం అది. రంగు కూడా ఊరికే ఎంచుకున్నది కాదనిపిస్తుంది, ఆసఫ్‌జాహీల జెండా పసుపే. పిల్లలను తీసుకెళితే చెత్తబండి కథ కూడా చెప్పండి, మొదటి మెట్టులోని ప్రశ్నలు వాళ్లనే అడగనివ్వండి.