కలిసి పనిచేసేవారిపై ఉద్యోగుల అభిప్రాయం తెలుసుకునే విధానం

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అందులో చేరిన ప్రాంతాలు కావడంతో, నేటి రాయగడ, కోరాపుట్, గజపతి జిల్లాల కర్మాగారాల్లోనూ ఆసుపత్రుల్లోనూ ఒడియా, తెలుగు, కువి, సవర మాట్లాడేవారు ఒకే షిఫ్టులో పనిచేయడం మామూలు. వీరు ఒకరినొకరు ఎలా చూసుకుంటున్నారో తెలుసుకోదలచిన యాజమాన్యం ముందు తన ప్రశ్నలను సరిచూసుకోవాలి.

‘ఇతర భాషలవారిని, కులాలవారిని మీరు గౌరవిస్తారా?’ అని అడిగితే గౌరవించనని ఎవరూ రాయరు. అందువల్ల జరిగిన సంగతులనే అడగాలి: గత నెలలో మీకు భాష సరిగా రాదని మీ మాటను ఎవరైనా పక్కన పెట్టారా? రాత్రి షిఫ్టు ఎక్కువగా ఎవరికి పడుతోంది? క్యాంటీన్‌లో మీరు ఎవరి పక్కన కూర్చుని భోంచేస్తారు, ఎవరి పక్కన కూర్చోరు? చివరి ప్రశ్న ఇబ్బంది కలిగిస్తుందని తీసేయవద్దు. కులం గురించి సూటిగా అడిగినప్పుడు రాని జవాబు తిండి దగ్గర వస్తుంది.

ప్రశ్నావళి ఒడియాలోనూ తెలుగులోనూ ఉండాలి. ఒకరు చేసిన అనువాదాన్ని మూలం చూడని మరొకరిచేత తిరిగి మూలభాషలోకి రాయించి, రెండింటినీ పోల్చాలి. కువి, సవర మాట్లాడేవారి చేతికి కాగితమిచ్చి ఊరుకోకుండా, ఆ భాష తెలిసి, సూపర్‌వైజర్‌కు లోబడని వ్యక్తిచేత నోటిమాటగా అడిగించడం మేలు. కాంట్రాక్టు కార్మికులను, పారిశుద్ధ్య సిబ్బందిని వదిలేసిన సర్వే నా దృష్టిలో సర్వే కాదు.

పేరు అడగకపోతే గోప్యత దక్కినట్టు కాదు. ప్యాకింగ్ విభాగంలో సవర మాట్లాడే మహిళ ఒక్కరే ఉంటే, విభాగం, మాతృభాష, ఆడా మగా అన్న మూడు గడులు నింపగానే ఆమె ఎవరో తెలిసిపోతుంది. కాబట్టి అయిదుగురికంటే తక్కువ ఉన్న వర్గాన్ని విడిగా చూపకుండా పెద్ద వర్గంలో కలపాలి. జవాబుల్లో లైంగిక వేధింపు ప్రస్తావన వస్తే, పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట 2013 చట్టం ప్రకారం ఉండవలసిన అంతర్గత కమిటీకి ఫిర్యాదు ఎలా చేయాలో సిబ్బంది అందరికీ తెలియజేయాలి.

ఫలితాలను నెలలోపే, అడిగిన భాషలన్నిటిలో సిబ్బందికి చెప్పాలి. షిఫ్టుల పట్టికలో గానీ సమావేశపు భాషలో గానీ ఏమి మార్చారో అదే రోజు ప్రకటించాలి. మరుసటి ఏడాది అవే ప్రశ్నలను, ఒక్క మాట కూడా మార్చకుండా మళ్లీ అడిగితేనే తేడా కనిపిస్తుంది.