కోబాల్‌లో ఏడో కాలమ్ ఎర్రర్ వస్తుంటే

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం వైపు పీజీల్లో ఉంటూ మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థల కంప్యూటర్లు) కోసం కోబాల్ భాష నేర్చుకునేవాళ్లు ఉబుంటు ల్యాప్‌టాప్‌లో ప్రాక్టీస్ మొదలుపెట్టగానే తగిలేది ఇదే: ప్రోగ్రామ్ సరిగ్గానే ఉంటుంది, కంపైల్ చేస్తే మాత్రం మొదటి లైన్‌లోనే 'ఏడో కాలమ్‌లో ఎఫ్ చెల్లదు' అన్న ఎర్రర్.

ఉబుంటులో వాడే కోబాల్ కంపైలర్ గ్నూకోబాల్ 3 మామూలుగా పాత పంచ్‌కార్డు కొలతే చూస్తుంది, అంటే లైన్‌లో ఒక్కో అక్షరం చోటు ఒక్కో కాలమ్. 1–6 కాలమ్‌లు లైన్ నంబర్లకు, 7 కామెంట్‌ని తెలిపే నక్షత్రం లాంటి గుర్తుకు, 8–72 కోడ్‌కు. ఐడెంటిఫికేషన్ అని ఎడమ అంచు నుంచే టైప్ చేస్తే ఏడో అక్షరం ఎఫ్ కదా, దాన్నే పట్టుకుంటుంది.

కోడ్‌ని ముట్టుకోనక్కర్లేదు. కంపైల్ చేసే కాబ్‌సీ కమాండ్‌లో హైఫన్ ఎక్స్ తర్వాత ఖాళీ వదిలి, ఈ కాలమ్ కొలత వద్దని చెప్పే హైఫన్ ఫ్రీ చేర్చి, ఫైల్ పేరు ఇవ్వండి. హైఫన్ ఎక్స్ మరిచిపోతే నేరుగా నడిచే ఫైల్ రాదు, వేరే ప్రోగ్రామ్ లోడ్ చేసుకునే ఎస్‌ఓ మాడ్యూల్ వస్తుంది.

ఆఫీసు నుంచో ఇన్‌స్టిట్యూట్ నుంచో వచ్చిన పాత ప్రోగ్రామ్‌లకు మాత్రం ఫ్రీ పెట్టకండి. ముందున్న లైన్ నంబర్లనూ ఏడో కాలమ్‌లోని నక్షత్రం కామెంట్లనూ కోడ్ అనుకుని వరసగా ఎర్రర్లు కురిపిస్తుంది. వాటిని ఫిక్స్‌డ్‌లోనే, అంటే పైన చెప్పిన కాలమ్ కొలతలోనే ఉంచి, కోడ్ 72వ కాలమ్ దాటితే చెప్పేలా హైఫన్, పెద్ద డబ్ల్యూ, వెంటనే కాలమ్ హైఫన్ ఓవర్‌ఫ్లో అన్న వార్నింగ్ జతచేయండి. వార్నింగ్‌లన్నిటికీ అని డబ్ల్యూ ఆల్ పెట్టినా ఇది ఆన్ కాదు, విడిగా ఇవ్వాల్సిందే. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే 72 దాటినదాన్ని కంపైలర్ చదవదు: 1500లో చివరి సున్నా 73వ కాలమ్‌లో పడితే, ఏ ఎర్రరూ లేకుండా 150గా కంపైల్ అయిపోతుంది.