నాన్న జీవితాన్ని రాసిపెట్టాలంటే

పుట్టిన తేదీతో మొదలుపెట్టకండి. ఒక వస్తువు చేతిలోకి తీసుకోండి. నేను మా నాన్న టార్చిలైటుతో మొదలుపెట్టాను. మూడు సెల్లులది, స్విచ్ దగ్గర ఆయన బొటనవేలు పడి పడి రంగు పోయింది.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరినప్పుడు, ఆ లైటు పడవ ముందు కట్టుకుని మూడు రాత్రులు జనాన్ని గట్టుకు చేర్చారు. ఆయన మాకెప్పుడూ చెప్పలేదు. పెద్దకర్మకు వచ్చిన పడవాయన చెప్పాడు. అందుకే ఆ రోజే, అందరూ ఉండగానే, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి పక్కన కూర్చోండి. “ఎలాంటి మనిషి?” అంటే “దేవుడు” అని ఊరుకుంటారు. “ఆ రాత్రి ఏం తిన్నారు?” అని అడగండి.

సంవత్సరాలు గుర్తుండవు. “అప్పటికి అక్క పుట్టిందా?” అంటే తేలిపోతుంది. ఫోటోల వెనక మెత్తటి పెన్సిల్‌తోనే రాయండి, ఇంకు ముందుకు దిగుతుంది. లామినేషన్ అసలొద్దు.

అమ్మను మాత్రం తొందరపెట్టకండి. మా అమ్మ మూడు నెలలు నోరు విప్పలేదు. ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తనే చెప్పింది. మూడో రాత్రి ఇంటికొచ్చి, తడిబట్టలతోనే, నిద్రపోతున్న మా కాళ్లు తడిమి లెక్కపెట్టుకున్నారట. నలుగురు పిల్లలం, ఎనిమిది కాళ్లు.