తరంగం ఫొటో తీయాలంటే

కూచిపూడిలో పళ్లెం మీద ఆడే తరంగం మొదలవగానే నేను వేదిక ముందు నేల మీద కూర్చుంటాను. నర్తకి ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి కదులుతుంది. ఆ పాదాలు, పళ్లెం, ముఖం మూడూ ఒకే ఫ్రేములో నిండుగా రావాలంటే కింద నుంచే తీయాలి.

షట్టర్ వేగం 1/500 సెకను పెట్టండి, తగ్గితే చేతివేళ్లు చెదిరిపోతాయి. వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 3200 దాకా పెంచండి, కాస్త గ్రెయిన్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు, వచ్చినా ఫర్వాలేదు. ఫ్లాష్ మాత్రం వద్దే వద్దు. పళ్లెం మీద ఉన్న మనిషి కళ్లలోకి వెలుగు కొట్టకూడదు. వెనక నల్ల తెర ఉంటే ముఖం తెల్లగా పాలిపోతుంది, అందుకే ఒక్క చోటి వెలుతురునే కొలిచే స్పాట్ మీటరింగ్ చెంప మీద పెడతాను.

ముందురోజు రిహార్సల్‌కి వెళ్లండి. తాళం చెవికి పట్టుబడితే తీర్మానం (జతి ముగింపు) దగ్గర నర్తకి ఆగే క్షణం ముందే తెలుస్తుంది. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే.

ఆరుబయట పోర్ట్రెయిట్‌కి పొద్దున్నే మంచిది. ఎండెక్కితే చెట్టు నీడలోకి మారండి, లేదంటే పాపిటబిళ్ల మెరుపు ముఖాన్ని మింగేస్తుంది.